డాక్టరేట్ చేశారా, ఇచ్చారా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. చిక్కడపల్లిలో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. త్యాగరాయ గానసభలో జరిగే సన్మానాల ఆహ్వాన పత్రికలు మా దగ్గరికి బాగానే వస్తుంటాయి. ఒకే కార్డులో నలుగురైదుగురికి ‘డా.’ వేయమంటారు. ఒకాయన గుండె వైద్యుడు, ఒకావిడ తెలుగులో పీహెచ్‌డీ, ఇంకో పెద్దాయనకు ఏదో యూనివర్సిటీ గౌరవంగా ఇచ్చిందట. అందరికీ ఒకే ‘డా.’ సరిపోతుందా? ఈ రకాలను తెలుగులో విడదీసి చెప్పే మాటలున్నాయా?

జవాబు:
తమ్ముడూ, మాటలున్నాయి గానీ మనవాళ్లు తేడా అంతా క్రియలో చూపిస్తారు. గమనించు. డాక్టరీ ‘చదువుతారు’, పీహెచ్‌డీ ‘చేస్తారు’, గౌరవ డాక్టరేట్ ‘ఇస్తారు’. మాట్లాడేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు. చిక్కంతా పేపర్లో. హెడ్డింగులో క్రియ ఎగిరిపోయి ‘ఫలానా వారికి డాక్టరేట్’ అని మిగులుతుంది. కింద ‘ప్రొఫెసర్ ఫలానా పర్యవేక్షణలో సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి’ అని ఉంటే అది ఏళ్ల తరబడి కూర్చుని చేసింది. ‘విశేష సేవలకు గుర్తింపుగా’ అని ఉంటే పిలిచి ఇచ్చింది. నేనైతే ముందు ‘పర్యవేక్షణ’ అనే మాట కోసమే వెతుకుతాను.

రెండు రకాలూ ఒక్క మనిషిలో చూడాలంటే అంబేద్కర్‌ను చూడు. 1923లో లండన్ నుంచి డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్), 1927లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ. రెండూ పరిశోధన చేసి సంపాదించినవే. లండన్‌లో సమర్పించింది రూపాయి సమస్య మీద రాసిన గ్రంథం. తర్వాత 1952లో కొలంబియా న్యాయశాస్త్రంలో ఎల్‌ఎల్‌డీ, 1953లో మన ఉస్మానియా డీలిట్ (సాహిత్య డాక్టరేట్) ఇచ్చి గౌరవించాయి. ఉస్మానియా పట్టా చేతికి వచ్చేనాటికి ఆయన పేరు ముందు ‘డా.’ చేరి ముప్పై ఏళ్లు.

ఇక్కడే ఇంకో సంగతి. డీలిట్, డీఎస్సీ అని కనబడగానే గౌరవార్థం ఇచ్చిందే అనుకోవద్దు. పీహెచ్‌డీ తర్వాత ఏళ్ల తరబడి చేసిన కృషిని పరీక్షకుల ముందు పెట్టి సంపాదించుకునేవాళ్లూ ఉన్నారు. అక్షరాలు అవే, దారులు రెండు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చేది ఆంధ్ర విశ్వవిద్యాలయం పద్ధతి. గౌరవ పట్టాకు ‘కళాప్రపూర్ణ’ అని తెలుగు పేరే పెట్టుకుంది. గిడుగు రామమూర్తి గారికి 1938లో, జాషువా గారికి 1970లో ఇచ్చింది అదే. కళాప్రపూర్ణ జాషువా అంటే ఏ విషయం మీద థీసిస్ రాశారని ఎవరైనా అడుగుతారా? ప్రతి విశ్వవిద్యాలయమూ ఇలాంటి పేరొకటి పెట్టుకుని ఉంటే నీకు ఈ తలనొప్పే ఉండేది కాదు.

వ్యాఖ్య:
మాస్టారూ, నేను తిరుపతిలో సంస్కృతం చదివాను. అక్కడ పీహెచ్‌డీని ‘విద్యావారిధి’ అంటారు, డీలిట్‌ను ‘విద్యావాచస్పతి’ అంటారు. ఇవి తెలుగులోకి తెచ్చుకోవచ్చు కదా?

జవాబు:
తెచ్చుకోవచ్చమ్మా, వినడానికి హుందాగానే ఉంటాయి. కాకపోతే కార్డు మీద ‘విద్యావారిధి’ అని వేస్తే చూసినవాళ్లు అవధానం చేసినాయనకు ఇచ్చిన బిరుదు అనుకుంటారు. పైగా అక్కడ ‘ఆచార్య’ అంటే ఎం.ఏ. పట్టా, ఇక్కడ హైదరాబాద్‌లో ఆచార్య అంటే ప్రొఫెసర్. ఉన్న గందరగోళం చాలదా?

వ్యాఖ్య:
మా తమ్ముడు తార్నాక ఐఐసీటీలో కెమిస్ట్రీ పరిశోధన చేశాడు. పట్టా మీద ‘డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీ’ అని ఉంది. దాన్ని ఎవరో ‘తత్త్వశాస్త్ర డాక్టర్’ అని అనువదించారు. వాడికి తత్త్వశాస్త్రానికీ సంబంధం ఏమిటండీ?

జవాబు:
ఏమీ లేదు. అది పాత యూరప్ లెక్క. అక్కడి విశ్వవిద్యాలయాల్లో మతశాస్త్రం, న్యాయం, వైద్యం పెద్ద శాఖలు. మిగతా చదువులన్నీ ‘ఫిలాసఫీ’ శాఖ కిందికి వచ్చేవి. ఆ శాఖ తరఫున పరిశోధన పట్టా ఇవ్వడం జర్మన్లు స్థిరపరిచారు. అమెరికాలో యేల్ 1861లో, ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ 1917లో దాన్ని అందుకున్నాయి. అందుకే రసాయనాల మీద చేసినా, సినారె గారిలా ఉస్మానియాలో ఆధునిక కవిత్వం మీద చేసినా పట్టా పేరు ఒకటే. తెలుగులో ‘పరిశోధక పట్టా’ అంటే చాలు, తత్త్వం జోలికి పోనక్కర్లేదు.

వ్యాఖ్య:
అసలు డాక్టర్లంటే మేమే కదా సార్! (నేను గాంధీలో చదివాను.)

జవాబు:
నాయనా, ఎంబీబీఎస్‌లో ఉన్న రెండు ‘బి’లూ బ్యాచిలర్లే. ఎంఎస్, ఎంసీహెచ్ చేసిన సర్జన్లు కూడా పట్టా ప్రకారం మాస్టర్లు. పేరులో నిజంగా డాక్టర్ ఉన్నది ఎండీ, డీఎంలకు. అందులోనూ మన ఎండీ ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు, అమెరికాలో ఎండీ అంటే వైద్యంలో మొదటి పట్టాయే. అసలు లాటిన్‌లో ‘డాక్టర్’ అంటే బోధించేవాడు. అయినా జనం నోట్లో ఆ మాట మీదే అయిపోయింది, దానికి పోట్లాట ఎందుకు? పీహెచ్‌డీ చేసినావిడను ఎవరూ ‘డాక్టరమ్మ’ అనరు చూశావా!

వ్యాఖ్య:
మా అమ్మాయి ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదువుతోందండీ. పేరు ముందు ‘డా.’ పెట్టుకోవచ్చా అని ఇంట్లో రోజూ చర్చే.

జవాబు:
అది ఇంటర్ తర్వాత ఆరేళ్ల చదువు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. మన దేశానికి 2008లో వచ్చింది. పేరులో డాక్టర్ ఉంది గానీ పీహెచ్‌డీలాంటి పరిశోధన పట్టా కాదు, వృత్తి పట్టా. అమెరికాలో లాయర్లు చదివే జేడీ (జ్యూరిస్ డాక్టర్) కూడా అంతే, వాళ్లు మామూలుగా ‘డాక్టర్’ పెట్టుకోరు. అమ్మాయి పేరు తర్వాత ‘ఫార్మ్‌డీ’ అని వేస్తే ఏ గొడవా ఉండదు.

అదే మొదట అడిగిన తమ్ముడికీ చెబుతున్నాను. వైద్యులకు పేరు తర్వాత డిగ్రీ వెయ్యి. పీహెచ్‌డీ వాళ్లకు ‘డా.’ వెయ్యి. గౌరవ పట్టా ఉన్నవారికి పేరు కింద ‘గౌరవ డాక్టరేట్ గ్రహీత’ అని వెయ్యి.

ప్రశ్న అడిగినవారు:
మంచిది మాస్టారూ. ‘గ్రహీత’ అంటే పెద్దాయన ఒప్పుకుంటారో లేదో! ఇంకొక్కటి, పి.హెచ్.డి. అని మూడు చుక్కలు పెట్టాలా?

జవాబు:
వద్దు. ‘పిహెచ్’ రెండూ కలిపి ఫిలాసఫీకి పొట్టి రూపం, మధ్యలో చుక్క పెడితే ‘హెచ్’ అంటే ఏమిటని అడుగుతారు. పిహెచ్.డి. అని వెయ్యి, లేదా చుక్కలే లేకుండా పీహెచ్‌డీ అని వెయ్యి. ఒక కార్డులో మాత్రం ఏదో ఒకటే ఉండాలి.