ఉద్దానంలో విద్యార్థుల సర్వేలు ఇక చాలా? ఇంకా కావాలా?

బారువ_తీరం (చర్చ మొదలుపెట్టినవారు)

మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఎటు వెళ్లినా డయాలసిస్‌కి వెళ్లొచ్చే మనిషి ఎదురవుతాడు. ఎందుకు వస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

నేను అడుగుతున్నది విద్యార్థుల గురించి. మెడికల్ పీజీలు థీసిస్‌కని వచ్చి రక్తం తీస్తారు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వాళ్లు బోరు నీళ్లు పట్టుకెళ్తారు. సోషల్ వర్క్ పిల్లలు వచ్చి నెలకు ఎంత సంపాదిస్తారు, పొలంలో పురుగుమందు ఎవరు కొడతారు, రోజుకు ఎన్ని చెంబుల నీళ్లు తాగుతారు అని రాసుకుపోతారు. మళ్లీ ఎవరూ కనిపించరు. మా అమ్మ అలాగే ఒక కాలేజీ వాళ్లకు రక్తం ఇచ్చింది. రిపోర్టు పంపిస్తామన్నారు, పంపలేదు. తర్వాత కాళ్లు వాచిపోయి విశాఖ తీసుకెళ్తే క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) 4.2, చాలా ఎక్కువ. అంతకుముందు తీసిన రక్తంలో ఎంత ఉందో ఆ కాలేజీలో ఏదో కంప్యూటర్‌లో ఉండే ఉంటుంది. మాకు మాత్రం తెలీదు.

నా మాట ఇదీ: ఇప్పటిదాకా వచ్చినవాళ్లు ఏం తేల్చారో ఊరికి వచ్చి చెప్పేదాకా కొత్త బృందాలను పంచాయతీ రానివ్వకూడదు. మీరేమంటారు?

పలాస_జీడి

నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఆపేయాల్సిందే.

పీఎస్ఎం_రెండో_ఏడు

అన్నా, అమ్మగారి విషయం చదివి చాలా బాధేసింది. కానీ రానివ్వకూడదు అన్న మాట దగ్గర నేను ఒప్పుకోలేను. నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీని. నా థీసిస్ కూడా ఉద్దానం మీదే, కూలి పనివాళ్లలో నొప్పి మాత్రల వాడకం మీద.

ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా మేము ఒక్క చుక్క రక్తం తీయకూడదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం వాళ్ల భాషలో ఉండాలి, మధ్యలో ఎప్పుడైనా వద్దనే హక్కు వాళ్లకు ఉండాలి. ఇవన్నీ చేసి వస్తున్నాం. మూడేళ్ల కోర్సులో పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ ఇచ్చేయాలి. కిట్ల ఖర్చు, ఆటో ఖర్చు నా స్టైపెండ్‌లోంచే. పెద్ద సంస్థలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఏటా వచ్చేది మేమే. మమ్మల్నీ ఆపేస్తే ఇంకెవరు వస్తారు?

బారువ_తీరం

తమ్ముడూ, సమ్మతి పత్రం మీద మా అమ్మ వేలిముద్ర వేసింది. నేను దాని గురించి అడగలేదు. రిపోర్టు ఎందుకు ఇవ్వలేదు అని అడిగాను.

పీఎస్ఎం_రెండో_ఏడు

ఆ కాలేజీ వాళ్ల తరఫున నేను చెప్పలేను. కానీ ఒక కారణం ఉంది, అది సాకు కాదు. ఒక్కసారి చేసిన క్రియాటినిన్ చూసి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని ఎవరూ చెప్పకూడదు. క్రియాటినిన్‌ని బట్టి చెప్పాలంటే, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటేనే ఆ మాట అనాలి. ఎండలో పనిచేసి నీళ్లు సరిగ్గా తాగని రోజు రక్తం తీస్తే క్రియాటినిన్ పెరిగినట్టు కనిపించవచ్చు. ఆ కాగితం చేతిలో పెడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. కొందరు భయపడి నాటు మందులకు పోతారు.

నర్సక్క

మరి మూడు నెలలకు మళ్లీ వెళ్లాలి కదా బాబూ? వెళ్లకుండా థీసిస్‌లో ఇంత శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉందని ఎలా రాస్తున్నారు? మనిషికి చెప్పడానికి చాలని పరీక్ష పుస్తకంలో వేయడానికి ఎలా చాలింది?

నేను సబ్‌సెంటర్‌లో పనిచేశాను. మీరు వెళ్లిపోయాక రిపోర్టు ఏదమ్మా అని నన్ను నిలదీసేవాళ్లు. నా దగ్గర ఏముంది ఇవ్వడానికి?

పీఎస్ఎం_రెండో_ఏడు

నాది ఇంకా డేటా సేకరణలోనే ఉందండీ. నేను ఏ శాతమూ రాయలేదు.

నీటి_నమూనా

పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. రక్తం పక్కన పెడితే నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ సమయం చాలా ముఖ్యం.

ఉద్దానానికి హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే సుజలధార పథకాన్ని 2023 డిసెంబర్ 14న ప్రారంభించారు. రూ. 700 కోట్ల పథకం. పలాస కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా అదే రోజు మొదలయ్యాయి. నది నీళ్లు రావడం మంచిదే. కానీ ఏళ్ల తరబడి జనం తాగింది బోరు నీళ్లు, బావి నీళ్లు. వాటిలో సిలికా (ఇసుకలో, గాజులో ఉండే పదార్థం) ఎంత, భార లోహాలు ఎంత, ఏ కాలంలో ఎంత మారుతుంది అని ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే రేపు పోల్చి చూడటానికి ఏమీ మిగలదు. వాడకం ఆగాక బోర్లు మూలపడతాయి. పదేళ్ల తర్వాత జబ్బు తగ్గితే నీళ్లు మారినందుకా, ఇంకేదైనా కారణమా అని ఎలా తేలుస్తారు? శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా కారణం మీద ఇంకా వాదనలే. ఈ దశలో ఊరు తలుపులు మూస్తే నష్టపోయేది ఊరే.

బారువ_తీరం

నీళ్లు పట్టుకెళ్లినవాళ్లను నేను దగ్గరుండి చూశాను మేడమ్. మా వీధి బోరు కొట్టి, నీళ్లు రాగానే మొదటి చెంబు నీళ్లే గాజు సీసాలో పట్టారు. సీసా మీద పెన్నుతో మా సర్పంచి ఇంటిపేరు రాశారు. తడికి అది అక్కడే చెరిగిపోయింది. అదీ పరిశోధన.

నీటి_నమూనా

గాజు సీసానా? ఖచ్చితంగా గాజేనా? సిలికా కొలవాలంటే గాజు వాడకూడదు, సీసాలోంచే సిలికా నీళ్లలోకి దిగుతుంది. పాలిథీన్ సీసాలే వాడాలి. లోహాలకైతే అక్కడికక్కడే నైట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి. బోరును కొంతసేపు కొట్టి పాత నీళ్లు పోయాకే పట్టాలి.

తూరుపుగాలి

కెమిస్ట్రీ లెక్చరర్‌ని. బోరోసిలికేట్ గాజైతే పెద్ద తేడా రాదు. మీరు మరీ భయపెడుతున్నారు.

నీటి_నమూనా

బోరోసిలికేట్‌లోనూ ఉన్నది సిలికాయే కదండీ. కొలిచేదే సిలికా అయినప్పుడు ఆ సీసా ఎలా వాడతారు?

తూరుపుగాలి

ఎన్ని గంటలు నిల్వ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. వెంటనే ల్యాబ్‌కు తెస్తే ఏమీ కాదు.

నీటి_నమూనా

సోంపేట నుంచి విశాఖ ల్యాబ్‌కు వెంటనే ఎలా తెస్తారు?

పలాస_జీడి

సీసా సంగతి వదిలేయండి, అసలు విషయానికి రండి.

విశ్రాంత_మాస్టారు

సోషియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. సీసా చిన్న విషయం కాదు నాయనా. తప్పు సీసాలో పట్టిన నీళ్లు, మళ్లీ చేయని రక్త పరీక్ష, రెండింటికీ మూలం ఒకటే. ఆ విద్యార్థికి ఫలితంతో పని లేదు, పని పూర్తయినట్టు కాగితం ఉంటే చాలు. అలా తయారుచేసింది మేమే, గైడ్లం. యూజీసీ 2022లో పీహెచ్‌డీకి పేపరు ప్రచురణ తప్పనిసరి అన్న నిబంధన తీసేసింది. అయినా ఉద్యోగానికి, ప్రమోషన్‌కి పేపర్లు లెక్కపెడుతూనే ఉన్నారు.

ఇంకో మాట. మెడికల్ వాళ్లకు ఎథిక్స్ కమిటీ అయినా ఉంది. మా సోషల్ సైన్స్ విభాగాల్లో చాలాచోట్ల అదీ లేదు. ఎంఏ పిల్లలు ప్రశ్నావళి పట్టుకుని నేరుగా ఇళ్లలోకి వెళ్లిపోతారు. మీ ఇంట్లో డయాలసిస్ మీద ఎవరైనా చనిపోయారా అని గుమ్మంలో నిలబడే అడుగుతారు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు జరిగింది. ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అది విద్యార్థుల పని కాదు, పెద్ద సంస్థల పని. కానీ బీదవాళ్ల తరఫున ఇంకెవరో సరే అనేయడం అక్కడా ఇక్కడా ఒకటే.

పీఎస్ఎం_రెండో_ఏడు

మాస్టారూ, వార్డెన్లు సంతకం పెట్టిన కేసునీ నా థీసిస్‌నీ ఒకే గాటన కట్టకండి. నేను ప్రతి ఇంట్లో కూర్చుని పత్రం చదివి వినిపిస్తాను.

బారువ అన్నా, సూటిగా చెప్తున్నాను. మీకు కావలసింది పరిశోధన కాదు, వైద్యం. అది మా చేతిలో లేదు. డయాలసిస్ పడకలు, నెఫ్రాలజిస్టులు (కిడ్నీ డాక్టర్లు), పింఛన్లు, ఇవన్నీ ప్రభుత్వాన్ని అడగాల్సినవి. నా చేతిలో ఉన్నది ఒక ప్రశ్నావళి, ఒక సిరంజి. మీ కోపం నా మీద చూపిస్తే ఏం లాభం?

బారువ_తీరం

వైద్యం మీ చేతిలో లేదా? అమ్మ బీపీ మాత్ర సరిగ్గా వేసుకుని, మోకాలి నొప్పికి ఆర్ఎంపీ ఇచ్చే గోలీలు అప్పుడే మానేసి ఉంటే ఇంత తొందరగా వచ్చేది కాదని విశాఖ డాక్టరు గారు చెప్పారు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నెఫ్రాలజిస్టు కావాలా? మీ థీసిస్ నొప్పి మాత్రల మీదే కదా. మీకు తెలిసిందే ఆ ముక్క. మీకు వైద్యం చేతకాక కాదు తమ్ముడూ, మీకు కావలసింది డిగ్రీ.

పీఎస్ఎం_రెండో_ఏడు

డిగ్రీ కావాలి. అందులో దాచడానికేముంది? డిగ్రీ కోసమే చదివేది. ఆ డిగ్రీతోనే రేపు ఏదో పీహెచ్‌సీలో కూర్చుంటాను. నేర్చుకోవడానికి పరిశోధన చేయకూడదంటే దేశంలో పీజీ అనేదే ఉండదు.

నర్సక్క

నేర్చుకో నాన్నా, ఎవరు కాదన్నారు? చూపించి నేర్చుకో. రక్తం ఇచ్చిన మనిషికి చీటీ ఇచ్చి, ఏఎన్ఎమ్‌కి పేర్ల జాబితా ఇచ్చి పో. ఈజీఎఫ్ఆర్ తక్కువ ఉన్నవాళ్లను మూడు నెలల తర్వాత మేం పిలుస్తాం. దీనికి నీ స్టైపెండ్ ఖర్చవదు.

బారువ_తీరం

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, ఇందాకటి నుంచి రాయాలా వద్దా అనుకుంటున్నాను.

ఒక కాలేజీ విద్యార్థి థీసిస్‌లో మా ఊరి పేరు, పక్కన కిడ్నీ జబ్బు శాతం వేశారు. అది ఒక పేపరులో వచ్చింది. మా చెల్లికి ఒడిశా వైపు నుంచి ఒక సంబంధం కుదరబోయింది. ఆ పేపరు కటింగు పట్టుకుని వాళ్లు వెనక్కి తగ్గారు. మీ ఊరి నీళ్లు తాగిన పిల్లకు రేపు పిల్లలు పుడితే ఎలా అని అడిగారు. చెల్లికి కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. పరీక్ష కూడా చేయించాం. ఎవరు నమ్ముతారు? మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే బాధ. రిపోర్టు చీటీ మాట మొదట అడిగాను గానీ, మా జబ్బు పేరు మాకు తెలియకముందే ఊళ్లకూ సంబంధాలకూ తెలిసిపోవడమే నాకు మండేది.

విశ్రాంత_మాస్టారు

ఊరి పేరు వేయకూడదు. మేము కోర్సులో చెప్పేదే అది. ఊరికి మారుపేరు పెట్టాలి, మండలం దాకా చెప్పి ఆగాలి.

పీఎస్ఎం_రెండో_ఏడు

ఇందులో నేనూ అన్నతోనే. మా ప్రోటోకాల్‌లో ఊరికి నంబరే ఉంటుంది. చీటీ సంగతి కూడా మా గైడ్‌తో మాట్లాడతాను, ఏఎన్ఎమ్ ద్వారా రెండోసారి రక్తం తీసే ఏర్పాటు కుదిరితే నా థీసిస్‌కే బలం.

నీటి_నమూనా

నేను ఒప్పుకోలేను. బాధ అర్థమైంది, కానీ నీటి పరిశోధనలో చోటే ముఖ్యం. ఏ బోరు, ఎంత లోతు, అక్షాంశం ఎంత, రేఖాంశం ఎంత అని చెప్పకపోతే నా మ్యాప్‌కు విలువ లేదు. రేపు ఇంకో విద్యార్థి వచ్చి అదే బోరును మళ్లీ పరీక్షించలేడు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి రాసినవాళ్లు ఊళ్లను దాచిపెట్టి ఉంటే తర్వాతివాళ్లు ఎక్కడికెళ్లి నీళ్లు పరీక్షించేవాళ్లు? ఊరి పేరు దాచితే పెళ్లి సంబంధం నిలబడొచ్చు, కానీ చెడ్డ బోరు కూడా దాగిపోతుంది.

బారువ_తీరం

బోరు గురించి రాయండి, నేను వద్దనలేదు. ఆ బోరు నీళ్లు తాగే మాకు ముందు చెప్పండి. గ్రామసభ పెట్టిస్తాను, మీ మ్యాప్ తెచ్చి పంచాయతీ గోడకు అంటించండి. ఏ బోరు తాగొచ్చో, ఏది మానేయాలో తెలుగులో చెప్పండి. ఆ తర్వాత మీ పత్రికకు పంపుకోండి.

నీటి_నమూనా

జర్నల్‌లో రాకముందే ఫలితం బయటపెడితే మా గైడ్ ఒప్పుకోరు. ముందే ప్రచురించినట్టు అవుతుందంటారు.

నర్సక్క

నీళ్లు ఇచ్చినవాళ్లకు నీళ్ల సంగతి చెప్పడం ప్రచురణ ఎలా అవుతుందమ్మా? ఆ మాట మీ గైడ్ గారిని రాసి ఇమ్మనండి.

నీటి_నమూనా

అడుగుతాను. కానీ అక్షాంశ రేఖాంశాలు మాత్రం తీసేయను.

బారువ_తీరం

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టిస్తున్నాను. రక్తానికి చీటీ, నీళ్లకు గోడ మీద మ్యాప్. ఈ రెండూ రాసి సంతకం పెట్టినవాళ్లకే సర్పంచి గారు అనుమతి ఇస్తారు. ఊరి పేరు వేయాలా వద్దా అన్నది సభలోనే ఆడవాళ్లను అడిగి తేలుస్తాం. మీరు వస్తే మీ వాదన అక్కడ వినిపించండి మేడమ్.