కరెంటు లైను లేని తోట ఇంటికి సొంతంగా సోలార్: 90 వేలలో అవుతుందా?

మామిడితోట_రాయచోటి
తోటలో రెండు గదుల ఇల్లు. దగ్గరి స్తంభం కిలోమీటరున్నర దూరం, అక్కడి నుంచి లైను వేయించుకునే స్తోమత లేదు. వాడకం 4 లైట్లు, 2 ఫ్యాన్లు, 190 లీటర్ల ఫ్రిజ్, టీవీ. నా లెక్క: 540 వాట్ల ప్యానెళ్లు రెండు 30 వేలు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు 32 వేలు, 24 వోల్టుల ఇన్వర్టర్ 15 వేలు, స్టాండు, వైర్లు, ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తమంతట ఆపేసే స్విచ్చులు), ఎర్తింగు కలిపి 5 వేలు. మొత్తం 82. బిగింపు నేనూ మా బావమరిదీ చేసుకుంటాం. 90 దాటితే నా వల్ల కాదు. ఏమైనా మరిచానా? సబ్సిడీ వస్తుందా? ప్యానెల్ ఎంత వాలుగా పెట్టాలి?

కనిగిరి_మెట్ట
అన్నా, ఆ 5 వేలు స్టాండుకే చాలవు. నేనూ మొదట పాత యాంగిళ్లు వెల్డింగ్ చేయించి రేకుల మీదే బిగించా. వైశాఖంలో గాలివాన వచ్చిన రాత్రి ఒక ప్యానెల్ రేకుతో సహా లేచి పక్క చేలో పడింది. ఒక్కోటి 28 కిలోల దాకా బరువు, ఏడున్నర అడుగుల పొడవు. అటు మనిషి ఉంటే ఏమయ్యేదో! ఈసారి నేల మీదే రెండడుగుల గుంటలు తీసి, సిమెంటు దిమ్మెలు పోసి, జీఐ పైపులతో కట్టించా. 14 వేలయింది, కొత్త ప్యానెల్ ఖర్చు వేరే.

వైర్‌మన్_ఖమ్మం
22 ఏళ్లుగా ఇదే పని, రెండు వందల ఇళ్లకు పైగా బిగించా. ఖర్చు తగ్గాలంటే నా మాట వినండి. ప్యానెల్, బ్యాటరీల డీసీ కరెంటుకు వేరే డీసీ ఎంసీబీ, అదీ ఇదీ అంటూ షాపువాళ్లు రాసిచ్చే చీటీలో సగం అక్కర్లేదు. ఇంట్లో బోర్డుకు పెట్టే మామూలు ఎంసీబీ చాలు. నాకింతవరకు ఒక్క కంప్లయింటు లేదు.

పాడి_పలమనేరు
ఇలాంటి మాట విని పెట్టించుకునే మా పాక కాల్చుకున్నాం సార్. నాలుగు ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదానికొకటి కలిపి, మామూలు ఎంసీబీ. మధ్యాహ్నం ప్యానెళ్లు కడుగుదామని మా ఆయన దాన్ని దించారు. లోపల బుస్సుమని మంట లేచి ప్లాస్టిక్ కరిగి కారింది. పక్కనే వరిగడ్డి. తాళ్లు కోసి ఆవులను బయటికి తోలాం. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ కరెంటు ఇస్తూనే ఉంటుంది, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియలేదు. చివరికి ప్యానెళ్ల మీద దుప్పట్లు కప్పాం.

వైర్‌మన్_ఖమ్మం
లూజ్ కనెక్షన్ అయి ఉంటుంది. బిగించినవాడి తప్పు ఎంసీబీ మీద వేయకండి.

ట్రిపుల్ఈ_కర్నూలు
లూజ్ కనెక్షన్ అయితే ఆన్‌లో ఉన్నప్పుడే వేడెక్కుతుంది. ఆవిడ చెప్పింది దించినప్పటి సంగతి. ఇంటి లైనులో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది, అప్పుడు కాంటాక్టుల మధ్య నిప్పు ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు, నిప్పు సాగుతూనే ఉంటుంది. నాలుగు ప్యానెళ్లు సిరీస్ అంటే లోడు లేనప్పుడు దాదాపు 200 వోల్టులు. పాలిటెక్నిక్‌లో పిల్లలకు మొదట నేర్పేది ఇదే. కొన్ని డీసీ ఎంసీబీలకు ప్లస్, మైనస్ గుర్తులుంటాయి, తిప్పి బిగిస్తే వాటితోనూ ప్రమాదమే.

వైర్‌మన్_ఖమ్మం
క్లాసులో బోర్డు మీద చెప్పడం వేరు, ఎండలో డాబా ఎక్కి చేయడం వేరు మేడం. మీరు ఎన్ని బిగించారు?

పాడి_పలమనేరు
ఎవరెన్ని బిగించారన్న లెక్క నాకెందుకండీ? కాలింది నా పాక. ఇది చదివి ఇంకెవరూ ఆ ఎంసీబీ పెట్టకూడదనే రాస్తున్నా.

డాలస్_నుంచి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. అమ్మానాన్నలు నూజివీడు దగ్గర ఉంటారు. కరెంటు తరచూ పోతుంది. 78 వేల సబ్సిడీ అంటున్నారు కదా, దాంతో పెట్టిస్తే వాళ్లకు ఇబ్బంది తీరుతుందా?

కనిగిరి_మెట్ట
అది 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్. లైనుకు కలిపే సిస్టంకే ఇస్తారు, 3 కిలోవాట్లు ఆపైన ఉంటే 78 వేలు. రాయచోటి అన్నకు లైనే లేదు కాబట్టి రాదు. మీవాళ్లకు వస్తుంది గానీ, బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ అయితే కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. మా అన్నయ్య ఇది తెలియక పెట్టించుకుని బాధపడ్డాడు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ గురించి విడిగా అడగండి.

కోతులబాధ_నిర్మల్
మా దగ్గర కోతులు వైర్లు లాగేస్తే పైపుల్లో దూర్చాం. దొంగలు ఆ పైపులతో సహా 30 మీటర్ల రాగి వైరు కోసుకుపోయారు. ఇప్పుడు రెండడుగుల లోతున పూడ్చాం. తోటలో రాత్రి మనిషి ఉంటాడా అన్నా? లేకపోతే ఈ ఖర్చు కూడా రాసుకో.

చింతపల్లి_కాఫీ
అసలు వాడకం లెక్క ఎవరూ చూడలేదు. నా ఇన్వర్టర్ ఏ లోడూ లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటేనే 40 వాట్లు తాగుతుంది. 24 గంటలకు దాదాపు ఒక యూనిట్, అందులో రాత్రి వాటా అర యూనిట్. మీ రెండు బ్యాటరీలు కలిపి 3.6 యూనిట్లు. సగానికి మించి తోడితే తొందరగా చస్తాయి, కాబట్టి చేతికొచ్చేది 1.8. మామూలు ఫ్యాన్లు 75 వాట్లవి రెండు పది గంటలు తిరిగితే 1.5. ఫ్రిజ్ ముట్టుకోకముందే బ్యాటరీ ఖాళీ! నేనిది చూసుకోక రెండేళ్లకే బ్యాటరీలు మార్చా. ముందు తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు కొనండి, అదే రాత్రికి 0.6తో సరిపోతుంది. ఇంకొకటి, 15 వేల ఇన్వర్టర్‌లో ఉండేది చాలావరకు పీడబ్ల్యూఎం అనే చౌక రకం చార్జర్. 540 వాట్ల ప్యానెల్ 41 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, మీ బ్యాటరీలు ఎక్కేది 27, 28 దగ్గర. మూడో వంతు అక్కడే పోతుంది. ఆ తేడా వృథా పోనివ్వని ఎంపీపీటీ రకం చార్జర్ ఉన్నదే తీసుకోండి.

వైర్‌మన్_ఖమ్మం
నేను చెప్పింది ఒక్క ప్యానెల్, 12 వోల్టుల చిన్న సిస్టంల సంగతి. నేను బిగించినవి ఎక్కువగా అవే. నాలుగు సిరీస్‌లో అయితే నేనూ మామూలుది పెట్టను. ఆవులకు ఏమీ కాలేదు కదా అమ్మా?

పాడి_పలమనేరు
ఒకదానికి వీపు మీద కాలింది, మానింది. చూడిది కూడా.

కనిగిరి_మెట్ట
రాయచోటి అన్నా, కొటేషన్ ఎప్పటిది? 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ఈ రకం బ్యాటరీల మీద 28 నుంచి 18కి తగ్గింది. పాతదైతే మళ్లీ అడుగు.

మామిడితోట_రాయచోటి
పాతదే అన్నా. మళ్లీ అడిగితే ప్యానెళ్లు 28, బ్యాటరీలు 30 అన్నారు. ఎంపీపీటీ ఇన్వర్టర్ 22, స్టాండు 12, డీసీ ఎంసీబీలు, ఎర్తింగు 5, వైర్లు 4, ఫ్యాన్లు 6. మొత్తం లక్షా 7 వేలు. ఫ్రిజ్ వచ్చే కాపు దాకా ఆపి, ప్యానెల్ ఒకటి తగ్గిస్తే 93. ఆ మూడు వేలు ఎలాగో తెస్తా. వాలు సంగతి ఎవరూ చెప్పలేదు.

చింతపల్లి_కాఫీ
ప్యానెల్ తగ్గించొద్దు అన్నా. ఒక్క ప్యానెల్ మంచి ఎండలోనే రోజుకు రెండు యూనిట్లిస్తుంది. మబ్బు పట్టిన వారంలో బ్యాటరీ నిండదు. అలా అరకొరగా ఉండిపోతే లోపలి ప్లేట్లు గట్టిపడతాయి, మీ 30 వేలు అక్కడే పోతాయి. ఈ ఏడాది ఫ్యాను ఒకటే కొనండి, టీవీ ఆపండి, మిగతాది అప్పో సొప్పో చేసి రెండు ప్యానెళ్లూ పెట్టండి. వాలు 14 డిగ్రీలు, దక్షిణం వైపు. మామిడి కొమ్మ నీడ పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా ఒక్క మూల మీద కూడా పడని చోటు చూసి దిమ్మెలు పోయండి.