“నన్ను ముట్టుకొనవద్దు”: యోహాను 20:17, బొమ్మల్లో మగ్దలేనే మరియ

ప్రశ్న

గ్రూపులో గ్రీకు, లాటిన్ తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. యోహాను సువార్త 20:17 మన పాత తెలుగు బైబిల్లో ఇలా ఉంది: “నేను ఇంకను తండ్రియొద్దకు ఎక్కిపోలేదు గనుక నన్ను ముట్టుకొనవద్దు”. సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడ్డ మగ్దలేనే మరియతో, తిరిగి లేచిన యేసు అన్న మాట ఇది. ఈ సన్నివేశాన్ని యూరప్‌లో ఎంతమంది వేశారో లెక్కలేదు. ఎవరు వేసినా బొమ్మ పేరు మాత్రం లాటిన్లో ‘నోలీ మే తాంగెరే’, అంటే ‘నన్ను ముట్టుకోకు’. ఆ బొమ్మలు చూస్తే ఒకలా, తెలుగు వచనం చదివితే ఇంకోలా అనిపిస్తోంది. తెలుగులో వింటే మా నాయనమ్మ మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్తూ మమ్మల్ని అదిలించినట్టుంది. అసలు గ్రీకులో ఏముంది? ఎనిమిది రోజులు తిరిగేసరికి, తను లేచాడంటే నమ్మని శిష్యుడు తోమాని గాయంలో చెయ్యి పెట్టి చూసుకోమన్నవాడు, ఈమెను ఎందుకు వద్దన్నట్టు?

జవాబు

మడే అనిపిస్తుంది మరి, మాట అలాంటిది. అంటు, ముట్టు ఎప్పుడూ కలిసే వస్తాయి కదా. ‘పట్టుకొనవద్దు’ అని రాసి ఉంటే ఈ గోల ఉండేది కాదు. నా ఉద్దేశంలో అనువాదం తప్పు.

జవాబు

తప్పు అనెయ్యకండి మాస్టారూ, కొంచెం ఆగండి. గ్రీకులో ఉన్నది ‘మీ మూ హాప్తూ’. ఈ క్రియ సువార్తల్లో ఇంకా చాలాచోట్ల వస్తుంది. కుష్ఠరోగిని యేసు చెయ్యి చాపి ‘ముట్టి’ బాగుచేశాడు (మార్కు 1:41). పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ జనంలో వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రాన్ని ‘ముట్టింది’ (మార్కు 5:27). రెండు చోట్లా గ్రీకులో ఇదే క్రియ, తెలుగులోనూ ఇదే మాట. మడి లెక్కన చూస్తే అసలు దూరంగా ఉంచాల్సినవాళ్ళు వీళ్ళిద్దరూ. వాళ్ళ దగ్గర లేని పట్టింపు మరియ దగ్గర ఎందుకొస్తుంది? మనకి మడి వినిపించడం మన ఇళ్ళలో ఆ మాటకున్న అలవాటు వల్లే.

ఇంకో సంగతి. మత్తయి 28:9లో స్త్రీలు ఆయన ‘పాదములు పట్టుకొని’ మొక్కారు. అక్కడి గ్రీకు క్రియ వేరు. తెలుగులో కూడా వేరే మాటే వేశారు. అంటే అనువాదం చేసినవాళ్ళు రెండు క్రియల్నీ కలిపెయ్యకుండా చూసుకుని మరీ రాశారన్నమాట. ఆ శ్రద్ధకి దండం పెట్టాల్సిందే.

చిక్కు అంతా క్రియ రూపం దగ్గరుంది. గ్రీకులో ‘వద్దు’ అనడానికి రెండు రూపాలున్నాయి. ఇక్కడ వాడిన రూపానికి మామూలుగా ‘చేస్తున్న పని ఆపు’ అనే అర్థం వస్తుంది. ప్రతిసారీ అదే అర్థం అని కాదు గానీ, ఈ చోట చాలామంది వ్యాఖ్యాతలు అలాగే తీసుకుంటారు. మరియ అప్పటికే ఆయన్ని పట్టేసుకుంది, ‘ఇక వదులమ్మా’ అంటున్నాడు. ఇంగ్లీషు బైబిళ్ళలో కూడా 1611 నాటి కింగ్ జేమ్స్‌లో ‘టచ్ మీ నాట్’ అని ఉంటే, ఈ మధ్యవి చాలావరకు ‘పట్టుకుని ఉండకు’ అనే అర్థం వైపు వెళ్ళాయి. లాటిన్ వాక్యంలో ఈ తేడా కనబడదు. పశ్చిమ యూరప్ చిత్రకారులు చర్చిలో విన్నది ఆ లాటిన్నే. అందుకే వాళ్ళ బొమ్మల్లో మరియ దాదాపు ఎప్పుడూ ఇంకా ముట్టుకోలేదు, ముట్టుకోబోతూ ఉంటుంది.

వచనాన్ని ఒకసారి జాగ్రత్తగా చదవండి. ఆమె మోకరించినట్టు లేదు, చెయ్యి చాచినట్టూ లేదు. ఆయన “మరియా” అన్నాడు, ఆమె తిరిగి “రబ్బూనీ” (బోధకుడా) అంది, వెంటనే ఈ మాట. మధ్యలో జరిగింది చిత్రకారుడు ఊహించుకోవలసిందే. పాదువాలో స్క్రొవేన్యి చాపెల్ గోడ మీద సుమారు 1305లో ఇటలీ చిత్రకారుడు జొత్తో వేసినదాంట్లో మరియ ఎర్రటి వస్త్రంలో మోకాళ్ళ మీద ఉండి రెండు చేతులూ చాపుతుంది. ఆయన తెల్లబట్టల్లో పక్కకి కదిలిపోతూ ఒక చేత్తో వారిస్తాడు. వెనకాల సైనికులు ఒళ్ళెరగకుండా నిద్రపోతుంటారు. ఆ చేతులకీ ఆయనకీ మధ్య ఉన్న ఖాళీయే బొమ్మకి ప్రాణం.

నాకు మాత్రం ఇంకో ఇటలీ చిత్రకారుడు టిషన్ వేసినదే ఎక్కువ ఇష్టం. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, సుమారు 1514 నాటిది. మరియ నేల మీదికి ఒరిగి ఒక చెయ్యి అత్తరు బుడ్డి మీద ఆన్చి రెండోది ఆయన వైపు చాపింది. ఆయన తెల్లటి గుడ్డని ఆమెకి అందకుండా తన వైపు లాక్కుంటాడు, నడుము వెనక్కి పోతుంది. కానీ తలా భుజాలూ ఆమె మీదికే వంగుతాయి. వద్దనడం, దగ్గరికి తీసుకోవడం రెండూ ఒకే ఒంట్లో. ఎక్స్‌రే తీసి చూస్తే టిషన్ మొదట ఆయన్ని తోటమాలి టోపీతో, ఆమె నుంచి దూరంగా నడిచి వెళ్ళిపోతున్నట్టు వేశాడని తెలిసింది. తర్వాత మనసు మార్చుకుని ఇటు తిప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో ఆ గ్యాలరీ బొమ్మలన్నీ వేల్స్‌లో దాచి, నెలకొకటి చొప్పున లండన్‌కి తెచ్చి చూపించేవారు. 1942లో అలా ముందుగా తెచ్చినవాటిలో ఇదొకటి. జనమే అడిగి తెప్పించుకున్నారట.

జవాబు

మేడమ్, టోపీ అంటే గుర్తొచ్చింది. చాలా బొమ్మల్లో యేసు భుజాన పార ఉంటుంది కదా, అదెందుకు? సమాధిలోంచి లేచొచ్చి తోటపని చేస్తున్నాడా ఏంటి?

జవాబు

రెండు వచనాలు పైకి వెళ్ళండి. 15వ వచనంలో “ఆమె ఆయన తోటమాలి అనుకొని” అని ఉంది. ఆమె ఏమనుకుందో మాటల్లో చెప్పడం తేలికే. బొమ్మలో ఎలా చూపిస్తారు? ఆమె మనసులో ఉన్నది తెచ్చి ఆయన చేతిలో పెట్టేశారు. ఫ్లోరెన్స్‌లో సాన్ మార్కో మఠంలో ఫ్రా ఆంజెలికో 1440ల ప్రాంతంలో వేసిన గోడ బొమ్మ చూడండి. ఆయన భుజం మీద ఉన్నది అచ్చం మన పొలాల్లో వాడే పారే, కర్రకి అడ్డంగా ఆకు ఉన్నది. అది మోసుకుంటూ పచ్చికలో తేలిగ్గా అడుగేస్తుంటాడు. ఆ పచ్చికలో అక్కడక్కడా ఎర్రటి పూలచుక్కలు ఉంటాయి. ఆయన కాళ్ళూ చేతుల మీది గాయాలకి వాడిన ఎరుపూ, ఆ పూల ఎరుపూ ఒకేలా ఉన్నాయని కళా చరిత్రకారులు ఏనాడో గమనించారు.

కొర్రేజ్జో అయితే (ప్రాడో మ్యూజియం, సుమారు 1525) పార, టోపీ నేల మీద పడేశాడు. తోటమాలి కాదని ఆమెకి తెలిసిపోయింది కాబట్టి ఇక వాటితో పని లేదు. ఆ బొమ్మలో ఆయన చెయ్యి పైకి చూపిస్తుంటుంది. “ఎక్కిపోవుచున్నాను” అన్న ముక్క ఆ చేతిలో ఉంది. రెంబ్రాంట్ 1638లో అసలు 17వ వచనం జోలికే పోలేదు. వెడల్పాటి టోపీ, చేతిలో పార పట్టుకున్న మనిషి వెనక నిలబడి ఉంటే, ఆమె సమాధి వైపు నుంచి తల తిప్పుతుంది. ఇంకా గుర్తుపట్టలేదు, పిలుపు ఇంకా పడలేదు. తెల్లవారుతోంది.

జవాబు

అత్తరు బుడ్డి సంగతి ఎవరూ ఎత్తలేదు. సమాధి దగ్గరికి సుగంధ ద్రవ్యాలు తెచ్చింది కాబట్టి బుడ్డి ఉంది, సరే. ఆ విరబోసిన జుట్టేమిటి? మిగతా ఆడవాళ్ళందరికీ తల మీద ముసుగుంటుంది, ఈమెకే జుట్టు నడుం దాకా ఎందుకు?

జవాబు

అక్కడ ముగ్గురు స్త్రీలు ఒక్కరైపోయారండీ. లూకా 7లో పేరు లేని ఒక “పాపాత్మురాలు” బుడ్డిలో అత్తరు తెచ్చి, ఆయన పాదాలు కన్నీళ్ళతో తడిపి తలవెంట్రుకలతో తుడిచింది. యోహాను 12లో బేతనియ మరియ “అచ్చ జటామాంసి అత్తరు” పాదాలకి పూసి, ఆమె కూడా జుట్టుతోనే తుడిచింది. (జటామాంసి మన హిమాలయాల మొక్కే. ఆయుర్వేదం షాపులో అడిగితే ఇస్తారు.) మగ్దలేనే మరియ గురించి లూకా చెప్పేది ఆమెలోంచి ఏడు దయ్యాలు వదిలిపోయాయని. పాపాత్మురాలని ఎక్కడా అనలేదు. 591లో పోప్ మొదటి గ్రెగరీ ఒక ప్రసంగంలో ముగ్గురినీ కలిపి ఒకరిగా చెప్పాడు. తూర్పు సంఘాలు ఈ కలపడాన్ని ఒప్పుకోలేదు, పశ్చిమంలో మాత్రం పాతుకుపోయింది. అలా లూకా 7 నుంచి జుట్టు వచ్చింది, ఏడుపు వచ్చింది, పశ్చాత్తాపం వచ్చింది. 1969లో కేథలిక్ సంఘం తన పంచాంగం సవరించి ఆమెను వేరుగా చూపించింది. 2016లో జూలై 22న వచ్చే ఆమె స్మరణ దినాన్ని అపొస్తలులకి చేసే పండగల స్థాయికి పెంచింది. అప్పటికి బొమ్మలన్నీ వేసేశారు, ఏం చేస్తాం.

శిల్పి దొనతెల్లో చెక్కిన మగ్దలేనే మరియ ఇంకో అడుగు ముందుకెళ్ళింది. ఫ్లోరెన్స్‌లోనే, కట్టెతో చేసిన నిలువెత్తు శిల్పం, 1450ల నాటిదని చెబుతారు. ఎముకల గూడు, ఊడిన పళ్ళు, లోతుకి పోయిన కళ్ళు. ఒంటి మీద బట్టకి బదులు జుట్టే. ఈ జుట్టు బట్ట నాలుగో స్త్రీది. ఈజిప్టు మరియ అని ఎడారిలో ఒంటరిగా తపస్సు చేసిన ఇంకో పునీతురాలి కథలోంచి తెచ్చి ఈమెకి కట్టారు. 1966 వరదలో ఆ శిల్పం బురదలో మునిగింది. తర్వాత శుభ్రం చేస్తుంటే జుట్టులో బంగారు పూత జాడలు బయటపడ్డాయి. ఆ చేతులు దగ్గరగా చూడండి. దండం పెట్టబోతున్నట్టు రెండు అరచేతులూ దగ్గరికి వచ్చి, ఒకదానికొకటి తగలకుండా ఆగిపోయాయి. పక్కన యేసు లేడు, తోట లేదు, పార లేదు. అయినా ఆ వేళ్ళ మధ్య సందు చూస్తే నాకు యోహాను 20:17 గుర్తొస్తుంది. దొనతెల్లో అదే అనుకుని చెక్కాడని నేను అనను.

జవాబు

ఇదంతా బాగుంది గానీ, తెలుగులో ఈ బొమ్మకి పేరు ఏం పెట్టాలి? ‘నోలీ మే తాంగెరే’ అని తెలుగు లిపిలో రాస్తే ఎవరికీ ఎక్కదు.

జవాబు

మన వచనంలో ఒక ఇబ్బంది ఉంది. లాటిన్లో, గ్రీకులో ఆజ్ఞ ముందు వస్తుంది, కారణం తర్వాత. ఆమె చెయ్యి చాచగానే మాట పడుతుంది. తెలుగు వాక్యం నడక ప్రకారం “ఎక్కిపోలేదు గనుక” ముందొచ్చి, “ముట్టుకొనవద్దు” చివరికి పోయింది. అంతసేపు కారణం చెబుతూ కూర్చుంటే ఆవిడ ఎప్పుడో ముట్టుకునేది! అందుకే మనకి అది విడిగా నానుడిలా నిలవలేదు. బొమ్మ కింద పేరుగా అయితే ‘ముట్టుకోకు’ చాలు. ‘ఇక వదులు’ అనేది గ్రీకుకి దగ్గరే గానీ టిషన్ బొమ్మ కింద పెడితే నవ్వుతారు, అక్కడ ఆమె ఇంకా పట్టుకోనే లేదు.

ప్రశ్న అడిగినవారు

తోమా సంగతి దాటేశారు.

జవాబు

దాటెయ్యలేదు, చెయ్యి నొప్పెట్టి ఆగాను. అదే అధ్యాయం 27వ వచనంలో, తోమాతో అన్న మాటల్లో ఈ క్రియ లేదు. ‘వేలు చాపు, చెయ్యి ఉంచు’ అంటాడు. తోమా నిజంగా వేలు పెట్టాడని కూడా యోహాను రాయలేదు, “నా ప్రభువా, నా దేవా” అన్నాడని మాత్రమే రాశాడు. కారవాజియో మాత్రం 1600 దాటిన కొత్తల్లో ఆ వేలు గాయంలోకి సగం దిగినట్టు వేశాడు, యేసే మణికట్టు పట్టుకుని లోపలికి నడిపిస్తుంటాడు. వచనంలో మరియ చెయ్యి చాచిందని లేదు, తోమా వేలు పెట్టాడనీ లేదు. చిత్రకారులు ఆమె చేతిని ఆపేశారు, అతని వేలిని లోపలికి పంపారు. ఆమె స్త్రీ కావడం వల్లేనా ఈ తేడా అని అడిగితే అది పెద్ద గొడవ, దానికి వేరే పోస్టు పెట్టండి, అక్కడ కొట్టుకుందాం.