అప్‌డేట్: బాబు క్లాసులోంచి పరిగెత్తుతున్నాడని అడిగాను కదా

న్యూజెర్సీలో రెండో క్లాసు చదివే మా బాబు లెక్కల పీరియడ్‌లో పెన్సిల్ విసిరేసి బయటికి పరిగెత్తుతున్నాడు, స్కూల్లో బిహేవియర్ అనలిస్ట్ (పిల్లలు ఎందుకలా ప్రవర్తిస్తున్నారో గమనించి దారి చెప్పే నిపుణురాలు) కావాలని అడగొచ్చా అని రెండు నెలల కింద అడిగాను. అడగమన్న అందరికీ థాంక్స్.

నోటిమాటగా కాకుండా మెయిల్లో అడగడం బాగా పనికొచ్చింది. ఇక్కడి ప్రత్యేక విద్య చట్టం ఐడీఈఏ ప్రకారం, కుదరదంటే కారణం కూడా వాళ్లు రాసే ఇవ్వాలి.

స్కూలు వాళ్లు ఒప్పుకున్నారు. అనలిస్ట్ ఆవిడ వారం పాటు క్లాసులో వెనక కూర్చుని, గొడవకి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది అని రాసుకున్నారు. వాడికి లెక్కలు కాదు, చేత్తో రాయడం కష్టమట. పెన్సిల్ విసిరితే బయటికి పంపేసేవాళ్లు, అంటే రాత తప్పేది, శిక్ష అనుకున్నదే వాడికి కావలసింది అయింది. ఇది విని ఏడుపొచ్చింది, ఇంట్లో ఎన్నిసార్లు తిట్టానో.

ఇప్పుడు బల్ల మీద బ్రేక్ కార్డు ఉంది, చూపిస్తే రెండు నిమిషాలు ఆగొచ్చు. లెక్కలు మూడేసి ఇస్తున్నారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆవిడ వాడితో గడిపిన దానికంటే టీచర్‌కి నేర్పించిన సమయమే ఎక్కువ, రోజంతా వాడితో ఉండేది ఆమే కదా. మొదట్లో కార్డు ఊరికే చూపించేవాడు, టీచర్ విసుక్కున్నారు కూడా. ముందు అడగడం అలవాటు కానివ్వండి, తర్వాత మెల్లగా తగ్గిద్దాం అన్నారు ఆవిడ.

ఈ నెలలో ఒక్కసారే పరిగెత్తాడు. ఆ రోజు సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చారు, ఆమెకి కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు. అది కూడా వాడి విషయంలో ఏం చేయాలో రాసే ప్లాన్‌లో చేర్చమని నిన్న మెయిల్ పెట్టాను.