సమస్య: ఆదివారమె శనివారమయ్యె సఖికి

మోడరేటర్: పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఈ పాదం తట్టింది. దేశం కాని దేశం, ఇద్దరే ఉండే ఇల్లు, పని లేని పూట. ఇదే ఆఖరి పాదంగా పద్యం పూర్తిచేసి, మీ పూరణలు రానివ్వండి.

గోదారిగట్టు: ఆగస్టు చివరి సోమవారం ఇక్కడ ఇంగ్లండులో బ్యాంక్ హాలిడే.

సోమవారము సెలవన్న సుఖము నెంచి
లంచు డబ్బాల మాట తలంపు రాక
కాఫి చల్లారు దాకను కబురులాడ
నాదివారమె శనివారమయ్యె సఖికి

ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే మా ఇంట్లో రేపటి టెన్షన్ మొదలవుతుంది. ఆ వారం అసలు రాలేదు.

మంజీర: "కాఫి చల్లారు దాకను" దగ్గర ఆ పూటంతా కళ్ళకు కట్టింది. కానీ గోదారి గారూ, సమస్యలో చిక్కు ఎక్కడ విప్పారు? సెలవు కలిసొస్తే ఎవరికైనా అంతేగా. "శనివారం" అన్న మాటకి ఇంకో పని చెప్పాలి. నా పూరణ:

అంగడులు మూయు జర్మనీయందు, మగడు
మరచె నిన్ననె మాంసము, మాపుదాక
పప్పుచారును వడియము పళ్ళెమందు;
ఆదివారమె శనివారమయ్యె సఖికి

వేపచెట్టు: భలే! వెంకన్న వారమని ఎక్కడా అనకుండా, ముక్క లేని ఆదివారంతోనే చెప్పేశారు. మేం రెండేళ్ళు స్టుట్‌గార్ట్‌లో ఉన్నాం. శనివారం రాత్రిలోపు సరుకులు తెచ్చుకోకపోతే ఇక రైల్వే స్టేషన్‌లో కొట్టో, పెట్రోల్ బంకో దిక్కు. ఖాళీ సీసాలు కూడా ఆదివారం డబ్బాలో వేయకూడదు, చప్పుడవుతుందని. 1919 వైమార్ రాజ్యాంగంలో ఆదివారపు విశ్రాంతికి రక్షణ పెట్టి, 1949లో దాన్ని అలాగే కొత్త రాజ్యాంగంలోకి తెచ్చుకున్నారు. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఆ నిశ్శబ్దమే అలవాటైపోయింది, ఇప్పుడు కాలిఫోర్నియాలో దానికోసమే వెతుక్కుంటున్నాను.

ఒక్క అనుమానం. మగడు మరిచిపోతే శనివారం సఖికి మాత్రమే ఎందుకైంది?

మంజీర: ఫ్రిజ్‌లో మిగిలిన రెండు గుడ్లూ మా ఆయనే ఆమ్లెట్ వేసుకున్నారు కాబట్టి.

గోదారిగట్టు: ఆ గుడ్లు పద్యంలో ఉండాలి కదండీ, వివరణలో కాదు. ఫ్రిజ్ అంటే గుర్తొచ్చింది. పోయిన నెల మీ "కొత్త ఫ్రిజ్జు"లో "త్త"ని లఘువుగా, అంటే తేలిక అక్షరంగా, లెక్కపెట్టారు. అడిగితే జవాబు రాలేదు.

మంజీర: అవి రెండూ విడి మాటలు, సమాసం కాదు. పక్కన "ఫ్రి" అనే సంయుక్తాక్షరం వచ్చినంత మాత్రాన వెనక అక్షరం గురువు, అంటే బరువైన అక్షరం, కానక్కర్లేదు. అంతకు ముందు నెల మీ "ఇంటి ద్వారము"లో మీరు చేసిందీ అదే.

వేపచెట్టు: ద్వారం దగ్గర ఆగిపోకండి, నా పూరణ కూడా చూడండి.

అమ్మ యిడ్లీలు వండుచు నడిగె ఫోన
"తెల్లవారెను లేవవా తల్లి" యనుచు
కాలిఫోర్నియ నిన్నలో కన్ను మూయ
నాదివారమె శనివారమయ్యె సఖికి

గోదారిగట్టు: రెండో పాదంలో యతి తప్పింది. పాదం మొదటి "తె"కి మధ్యలో వచ్చే "త" ఎలా కుదురుతుంది?

మంజీర: ప్రాసయతి అండీ, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలుస్తాయి. తెల్ల, తల్లి. ఎంత ముచ్చటగా పడిందో చూడండి! నాకు ఇబ్బంది అక్కడ కాదు, "కన్ను మూయ" దగ్గర. నిద్రనే మీ ఉద్దేశం, తెలుసు. కానీ ఫోన్‌లో అమ్మ పిలుస్తుంటే ఇవతల కూతురు కన్ను మూసిందని చదవగానే గుండె గుభేలుమంది. దయచేసి మార్చండి.

మోడరేటర్: యతి సరిగ్గానే ఉంది. మంజీర గారి అభ్యంతరమూ సరైనదే. "నిన్నలో" అన్న మాట మాత్రం ఈ పూరణలన్నిటిలో నాకు బాగా నచ్చింది. ఎండాకాలంలో అక్కడ శనివారం రాత్రి 8 అంటే ఇక్కడ ఇండియాలో ఆదివారం పొద్దున 8:30. సరిగ్గా మొదటి వాయి దించే వేళ. కూతురికి ఇంకా రాత్రే అన్న సంగతి అమ్మకి ఆ హడావిడిలో గుర్తుండదు.

వేపచెట్టు: నిజమే, నాకు తట్టలేదు. మార్చాను: "కాలిఫోర్నియ నిన్నలో కాళ్ళు చాప". సోఫాలో ఇద్దరం, ఒకటే దుప్పటి, ఫోన్ మా ఆవిడ చేతిలో. జరిగింది కూడా అదే.

మంజీర: ఇప్పుడు పద్యం ఇంటికొచ్చింది.

గోదారిగట్టు: ప్రాసయతి నేను చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. మార్చిన పాదం ఇంకా బాగుంది. కానీ మంజీర గారూ, "ఇంటి ద్వారము"లో "టి"ని నేను గురువుగానే వాడాను. ఆ పద్యం తీసి గణాలు మళ్ళీ లెక్కపెట్టండి.