అప్‌డేట్: ప్రతి హ్యాండ్‌కూ నిమిషాలు నమిలే ప్లేయర్ సంగతి

డల్లాస్ దగ్గర ఒక కార్డ్ క్లబ్బులో వీకెండ్ పోకర్ టోర్నమెంట్లకు డీలర్‌గా చేస్తున్నాను. ఒక ప్లేయర్ చిన్న బెట్‌కు కూడా తెగ ఆలోచిస్తాడు, నేనే టైమ్ పెట్టొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా.

పెట్టకూడదట. మా క్లబ్బులో నడిచేది టీడీఏ (టోర్నమెంట్ డైరెక్టర్ల సంఘం) రూల్స్. ఎవరైనా ప్లేయర్ క్లాక్ అడిగితే, అంటే టైమ్ పెట్టమంటే, నేను ఫ్లోర్‌ను (ఆటను పర్యవేక్షించేవాళ్లను) పిలవాలి. తగినంత సమయం ఇచ్చామని వాళ్లకు అనిపిస్తే 25 సెకన్లు, ఆపైన 5 సెకన్ల కౌంట్‌డౌన్. అప్పటికీ ఆడకపోతే, ఎదురుగా బెట్ ఉంటే హ్యాండ్ డెడ్ (అతని కార్డులు చెల్లవు), లేకపోతే చెక్ (బెట్ కట్టకుండా వదిలేయడం) కింద లెక్క. పదే పదే సాగదీసేవాళ్లకు ఆ టైమ్ కూడా తగ్గించొచ్చు.

మొన్న శనివారం అదే జరిగింది. ప్రైజ్ మనీకి ఇంకొక్కరు అవుట్ అయితే చాలు, మనవాడు రాయిలా కూర్చున్నాడు. మూలన ఉన్న కుర్రాడు "క్లాక్" అన్నాడు. నేను ఎవరి ముఖమూ చూడకుండా ఫ్లోర్‌ను కేకేశాను. కౌంట్ మూడుకొచ్చాక కార్డులు విసిరేసి, "వాడికి నువ్వే నేర్పావా బ్రదర్?" అని తెలుగులో గొణిగాడు. వినపడనట్టు తర్వాతి హ్యాండ్ పంచేశాను.

నావైపు నుంచి చేయగలిగిందల్లా అరచెయ్యి చాపి "యాక్షన్ మీదే సర్", అంటే ఆడాల్సింది మీరే, అనడం. నిట్టూర్చడం, డెక్ మీద వేళ్లతో కొట్టడం, వాచీ చూడటం బంద్.

ప్రతి ఒక్కరికీ ప్రతి వంతుకూ 30 సెకన్ల షాట్ క్లాక్ (టైమర్) పెట్టించమన్నారు కొందరు. మా ఎంట్రీ ఫీజుకు అంత సీన్ లేదండీ.