అశోకుణ్ణి క్షమించవచ్చా? ఈ ప్రశ్నతో పాఠం మొదలుపెట్టినవాళ్లున్నారా

సిక్కోలు టీచర్: వచ్చే వారం ఆరో తరగతికి అశోకుడి పాఠం. తేదీలు, బిరుదులు కాకుండా "లక్షమందిని చంపించినవాడు తర్వాత బాధపడితే క్షమించవచ్చా?" అని మొదలుపెడదామనుకుంటున్నాను. పీరియడ్ 45 నిమిషాలే. పిల్లలు గొడవపడితే ఎక్కడ ఆపాలి? ఇలాంటి జవాబుకి మార్కులెలా వేయాలి?

బిట్‌పేపర్ బాధితుడు: ఆరో తరగతి కాబట్టి మీకు సాగుతుంది మేడమ్. పదికి చెప్తే తెలిసేది. న్యాయం గురించి ఒక చర్చ పెట్టినందుకు "మ్యాప్ పాయింటింగ్ ఎప్పుడు చేయిస్తారు" అని హెచ్ఎం గారు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ నిలదీశారు.

జడ్పీ సోషల్: నేను చేశాను, అదిరింది. కళింగ యుద్ధం గురించి అశోకుడు రాతి మీద చెక్కించిన 13వ శాసనం చదివి వినిపించాను. లక్షమంది హతం, లక్షన్నర మందిని పట్టుకుపోవడం, ఆపైన రాజుగారి పశ్చాత్తాపం. వెనక బెంచీ పిల్ల లేచి "పట్టుకుపోయినవాళ్లని వెనక్కి పంపాడా సార్?" అంది. శాసనంలో ఆ మాటే లేదు. పైగా, బాధపడుతున్నా శిక్షించే బలం నాకుంది అని అడవి జనానికి హెచ్చరిక కూడా ఉంది. అది చెప్పాక అశోకుడి వైపు నలుగురే మిగిలారు. తర్వాతి పీరియడ్‌లోనూ అదే గొడవట, తెలుగు మేడమ్ ఇప్పటికీ నన్ను తిడుతున్నారు.

చరిత్ర రిసోర్స్ పర్సన్: ప్రయత్నం మంచిదే, ముందు సబ్జెక్టు గట్టిగా ఉండాలి. 13వ శాసనాన్ని కళింగలోనే, ధౌలిలో, ఓడినవాళ్ల కళ్లెదుటే చెక్కించాడు. పశ్చాత్తాపమంటే అదీ. జిల్లా శిక్షణల్లో నేను ఇదే చెప్తుంటాను.

రాతి పిచ్చోడు: ధౌలిలో 13వ శాసనం లేదండీ. కళింగలోనే ఉన్న జౌగడలోనూ లేదు. 11, 12, 13 వదిలేసి, వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు.

చరిత్ర రిసోర్స్ పర్సన్: ధౌలి నేను స్వయంగా చూసొచ్చాను. మీరు వాట్సాప్‌లో చూసినట్టున్నారు.

రాతి పిచ్చోడు: రాయి చూడటం వేరు, దాని మీదున్న బ్రాహ్మీ లిపి చదవడం వేరు. అక్కడున్నది "మనుషులందరూ నా పిల్లలే, ఎవర్నీ అన్యాయంగా బంధించొద్దు" అని అధికారులకు చెప్పిన సంగతి. యుద్ధం ఊసే లేదు. తన బాధ ఎక్కడో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీలో చెప్పుకున్నాడు, మన కర్నూలు వైపు ఎర్రగుడిలో చెప్పుకున్నాడు, దెబ్బ తిన్నవాళ్లకి మాత్రం చెప్పలేదు. శిక్షణల్లో ఇదీ చెప్పండి.

జడ్పీ సోషల్: అబ్బో! ఇది ముందే తెలిస్తే ఆ నలుగురూ మిగిలేవారు కాదు.

చరిత్ర రిసోర్స్ పర్సన్: "నా పిల్లలే" అన్నది కరుణ కాదా? సొంత పేరు కూడా పెట్టుకోనివాళ్లతో నేను వాదించను.

సిక్కోలు టీచర్: సార్లూ, మాది కళింగే. మా పిల్లలు ఎటు ఉంటారో నాకు తెలుసు. మార్కుల సంగతి చెప్పండి.

ఏడో క్లాసు నాన్న: ఇలాంటి చర్చ జరిగిన రోజు మావాడు ఇంటికొచ్చి "కొట్టేసి సారీ చెప్తే సరిపోతుందా నాన్నా" అన్నాడు. ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ? మేం ఫీజు కట్టేది సిలబస్‌కి.

బిట్‌పేపర్ బాధితుడు: కొట్టడం మానేయండి, ప్రశ్న రాదు.

జడ్పీ సోషల్: మేడమ్, ఎటు నిలబడ్డా పర్వాలేదన్నాను. శాసనంలోంచి ఒక్క ఆధారమైనా చూపించినవాళ్లకే మార్కులు.

అనంత సోషల్: ఎర్రగుడికి బస్సు ఉందా? పిల్లల్ని తీసుకెళ్దామని.

రాతి పిచ్చోడు: గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారి. ఎండెక్కకముందే వెళ్లండి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరసలు కుడి నుంచి ఎడమకి రాసి ఉంటాయి, అవీ చూపించండి.

బిట్‌పేపర్ బాధితుడు: ముందు పర్మిషన్ లెటర్ పెట్టండి సార్. మాది పోయినేడాది పెట్టింది, ఇంకా రాలేదు.